కాల్ మధ్యలో తెగిపోతోంది… మరిదికి చెబితే నొచ్చుకుంటాడు

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఆమె చెప్పిన సంగతులు క్లుప్తంగా ఇవి.

వయసు 36. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నారు. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా కస్టమర్లతో ఫోన్ కాల్స్ మాట్లాడే ఉద్యోగం. రెండేళ్ళ కిందట అత్తయ్యగారికి పక్షవాతం వచ్చింది. ఆవిడను చూసుకోవడం కోసమే కంపెనీని బతిమాలి ఈ ఏర్పాటు చేసుకున్నారు. కింద అత్తయ్యగారు, మామయ్యగారు ఉంటారు. మొదటి అంతస్తులో ఈమె, భర్త, పదో తరగతి చదివే పాప. డాబా మీద ఒక గది. రౌటర్ కింద హాల్లో ఉంది, పైకి సిగ్నల్ సరిగ్గా అందేది కాదు.

బెంగళూరులో ఉద్యోగం చేసే మరిది సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ ఇబ్బంది చూశాడు. తన డబ్బుతో మూడు యాక్సెస్ పాయింట్లు (వైఫై పంచే పెట్టెలు), వాటికి కేబుల్‌లోంచే కరెంటు పంపే నెట్‌వర్క్ స్విచ్ కొన్నాడు. పండగ మూడు రోజులూ నిచ్చెన ఎక్కుతూ దిగుతూ అంతస్తుకొకటి బిగించాడు. "కనుమ నాడు అందరూ భోజనాలకు కూర్చుంటే తను స్లాబుకు డ్రిల్లింగ్ చేస్తున్నాడు. వదినా, ఇంక నీకు టెన్షన్ లేదు అన్నాడు" అని రాశారు.

నెలన్నర బాగానే నడిచింది. ఆ తర్వాత రోజుకు నాలుగైదు సార్లు తెగిపోతోంది. పొద్దున ఏడూ పది ప్రాంతంలో ఒకసారి, పదకొండున్నర దాటాక ఒకసారి తప్పనిసరి. తిరిగి రావడానికి మూడు నిమిషాలు పడుతోంది. ఒక్కోసారి భోజనం చేసి వచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, ఇంటర్నెట్ మాత్రం ఉండదు. అత్తయ్యగారు పిలిచారని ఫోన్ మాట్లాడుతూ మెట్లు దిగితే సగం మెట్ల దగ్గర మాట ఆగిపోతుంది.

నెట్ కంపెనీకి ఫోన్లో ఫిర్యాదు చేస్తే లైన్‌మన్ వచ్చి, లైటు చూసి, లైన్ బాగుందని వెళ్ళాడు. మరిది బెంగళూరు నుంచి యాప్‌లో చూసి "అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి వదినా, నెట్ వాళ్ళదే ప్రాబ్లం" అంటున్నాడు. రెండోసారి చెబితే మాట తగ్గించాడు, మూడోసారి ఫోన్ ఎత్తలేదు. "వాడు అంత కష్టపడి చేశాడు, మళ్ళీ మళ్ళీ చెబితే బాగుండదు" అని భర్త అంటున్నారు. మేనేజర్ నెల రోజుల గడువు ఇచ్చాడు. అప్పటికీ కాల్స్ తెగిపోతుంటే హైదరాబాద్ ఆఫీసుకు వచ్చి పని చేయాలి. అది విన్న అత్తయ్యగారు "నా వల్లే కదమ్మా నీకీ బాధంతా" అని ఏడ్చారట.

"మొత్తం పీకేసి కొత్తవి కొననా? మరిదికి ఎలా చెప్పను? లేక ఉద్యోగం కోసం ఊరే వదిలిపోనా?" అన్నవి ఈ సోదరి అడిగిన మూడు ప్రశ్నలు.

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి వైఫై గురించి రాసిన పేజీ శ్రద్ధగా చదివాను. రెండోసారి అత్తయ్యగారి గురించి రాసిన పేజీ. నాకు జవాబు దొరికింది ఆ రెండో పేజీలోనే.

అందులో మీరు మాటవరసకు రెండు వాక్యాలు రాశారు. "మంచం పుళ్ళు పడకుండా ఫిబ్రవరి ఆఖర్లో గాలి పరుపు తెప్పించాం. దాని మోటారు కరెంటు పోయినా ఆగకూడదని ఇన్వర్టర్ లైను ప్లగ్గులో పెట్టాం, అక్కడున్న నెట్‌వర్క్ స్విచ్ ప్లగ్గు తీసి మెట్ల కింద బాక్సుకు మార్చాం." ఇంకో చోట మామయ్యగారి దినచర్య రాశారు. ఏడింటికి మోటార్ వేసి, మొక్కలకు నీళ్ళు పెట్టి, అత్తయ్యగారికి మందులు ఇస్తారని. బట్టలుతికే అమ్మాయి వచ్చే వేళకు, అంటే పదకొండున్నరకు, మళ్ళీ మోటార్ వేస్తారని. మోటార్ స్టార్టర్ కూడా ఆ మెట్ల కిందే ఉందని.

ఏడూ పది, పదకొండున్నర. మీ కాల్ తెగిపోయే వేళలు, మామయ్యగారు మోటార్ వేసే వేళలు పక్కపక్కన పెట్టి చూడండి.

నీళ్ళ మోటార్ తిరగడం మొదలెట్టే ఆ ఒక్క క్షణం, మామూలుగా లాగే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు అదే లైను మీదున్న ప్లగ్గుల్లో వోల్టేజి ఒక్కసారి పడిపోతుంది. ట్యూబ్‌లైటు ఒకసారి రెప్ప కొట్టినట్టు అవుతుంది చూడండి, అదే. ఎండాకాలం మొదలై ఊరంతా కూలర్లు, ఏసీలు వేశాక వోల్టేజి మామూలుగానే తక్కువ ఉంటుంది, కాబట్టి ఈ పడిపోవడం ఇంకా లోతుగా ఉంటుంది. ఫ్యాన్ దాన్ని పట్టించుకోదు. నెట్‌వర్క్ స్విచ్ మాత్రం ఆ అరక్షణానికే ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి లేస్తుంది. మీ ఇంట్లో మూడు యాక్సెస్ పాయింట్లకూ కరెంటు వచ్చేది ఆ స్విచ్ నుంచే. అది ఒక్కసారి ఆరితే మూడూ ఆరిపోతాయి.

మరి లైన్‌మన్‌కూ, మరిదికీ ఇది ఎందుకు కనబడలేదు? మీ రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉందని రాశారు. అందుకని అది ఆరలేదు. లైన్‌మన్ చూసింది రౌటర్ లైటు, అది వెలుగుతూనే ఉంది. మరిది యాప్ తెరిచేసరికి మూడు నిమిషాలు గడిచి యాక్సెస్ పాయింట్లు తిరిగి లేచి కూర్చున్నాయి, అందుకే అన్నీ ఆన్‌లైన్‌లో కనబడ్డాయి. వాళ్ళిద్దరూ అబద్ధం చెప్పలేదు. మీరు చెప్పిందీ నిజమే. ముగ్గురూ మూడు వేర్వేరు చోట్ల చూశారు, అంతే.

ఇది నా అంచనా. దాన్ని మీరు పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. సెలవు రోజున మామయ్యగారిని స్టార్టర్ దగ్గర ఉండమనండి. మీరు నెట్‌వర్క్ స్విచ్ ముందు కూర్చోండి. ఆయన మోటార్ వేయగానే స్విచ్ మీద లైట్లన్నీ ఒక్కసారి ఆరి, మళ్ళీ వరుసగా వెలుగుతున్నాయేమో చూడండి. ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇంకో ఆధారం యాప్‌లోనే ఉంటుంది. ఒక్కో యాక్సెస్ పాయింట్ పేరు నొక్కితే 'అప్‌టైమ్' అని ఉంటుంది, అంటే ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పే లెక్క. నెలల తరబడి నడుస్తున్న పెట్టె 'నాలుగు గంటలు' అని చూపిస్తే అది నాలుగు గంటల కిందట ఆరి లేచిందన్నమాట. మూడింటికీ ఒకే లెక్క కనబడితే తప్పు స్విచ్ దగ్గరో దాని ప్లగ్గు దగ్గరో ఉంది. ఒక్కదానికే తక్కువ కనబడితే ఆ ఒక్క కేబుల్‌నే అనుమానించాలి.

ఈ అప్‌టైమ్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను నెట్‌వర్క్ పనిలో పడిన కొత్తలో ఒక కళ్యాణ మండపంలో ఇలాగే వైఫై పోతోందంటే రెండు యాక్సెస్ పాయింట్లు మార్పించాను. అయినా పోయింది. మూడో రోజు సాయంత్రం జనరేటర్ మీదకు కరెంటు మార్చేటప్పుడు పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి కనబడింది, పెట్టెలన్నీ ఆరి వెలుగుతున్నాయి. పాతవి రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఆ యజమాని చేత అనవసరంగా ఖర్చు పెట్టించానన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్ళినా ముందు అడిగేది ఎంతసేపటి నుంచి నడుస్తోంది అనే.

అందుకే కొత్తవి కొనే ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. ఎంత ఖరీదైనవి తెచ్చినా అదే బాక్సులో ప్లగ్గు పెడితే అవీ ఏడూ పదికి ఆరిపోతాయి.

పరిష్కారానికి రెండు మూడు దారులున్నాయి. ఇన్వర్టర్ లైను మీదే ఇంకో ప్లగ్గు పాయింటు వేయించుకోవడం ఒకటి. ఎలక్ట్రీషియన్‌కు పూట పని. నెట్‌వర్క్ స్విచ్ లాగే కరెంటు తక్కువే కాబట్టి ఇన్వర్టర్‌కు పెద్ద బరువు కాదు. చాలా ఇన్వర్టర్లకు వెనకో ముందో 'యూపీఎస్ మోడ్' అని ఒక మీట ఉంటుంది, మీ ఇన్వర్టర్ ఆ మోడ్‌లో ఉందో లేదో చూడమనండి. ఆ మోడ్‌లో వోల్టేజి కాస్త పడగానే చప్పున బ్యాటరీ మీదకు మారుతుంది. లేకపోతే కంప్యూటర్లకు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొని స్విచ్‌ను దానికి తగిలించవచ్చు. ఇది ఆ రోజే అయిపోతుంది, కాకపోతే కొన్నేళ్ళకోసారి బ్యాటరీ మార్చాలి. మూడోది ఖర్చు లేనిది, కొన్నాళ్ళ వరకే పనికొచ్చేది. మామయ్యగారిని మోటార్ ఆరున్నరకు, మళ్ళీ మీ పని అయ్యాక నాలుగింటికి వేయమనడం. రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. అలా చేసిన రోజుల్లో ఏడూ పదికి కాల్ తెగకపోతే నా అంచనా రుజువైనట్టే.

రెండు జాగ్రత్తలు. రౌటర్‌కు ఉన్న చిన్న యూపీఎస్ ఇచ్చేది 12 వోల్టులు. కేబుల్‌లో కరెంటు పంపే స్విచ్‌లు చాలావాటికి 48 వోల్టులో అంతకంటే కాస్త ఎక్కువో కావాలి. పిన్ను సరిపోయింది కదా అని దాన్ని దీనికి తగిలించకండి. ఇక రెండోది, గాలి పరుపు ప్లగ్గు మాత్రం కదపవద్దు. ఆవిడ వీపు కింద గాలి ఆగకుండా ఉండటమే ఈ ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైన పని, దానికి ఆ చోటే సరైనది.

ఇప్పుడు రెండో చిక్కు. వైఫై నిండుగా ఉండి ఇంటర్నెట్ లేకపోవడం. దీనికీ మోటార్‌కూ సంబంధం లేదు. మీ సహోద్యోగి చెబితే చూశానంటూ మీరు రాసిన నంబర్లు చాలా పనికొచ్చాయి. బాగున్నప్పుడు ల్యాప్‌టాప్ నంబరు, అంటే ఐపీ అడ్రస్, 192.168.1తో మొదలవుతోంది, బాగాలేనప్పుడు 192.168.0తో.

ఇంట్లో ఏ ఫోన్ అయినా, ల్యాప్‌టాప్ అయినా వైఫైలోకి రాగానే "నాకొక నంబరు ఇవ్వండి" అని అడుగుతుంది. ఇచ్చేవారు ఇంటికి ఒక్కరే ఉండాలి, అది మీ రౌటర్. మీ ఇంట్లో ఇద్దరున్నారు. ఇద్దరిలో ఎవరు ముందు పలికితే వాళ్ళ నంబరే ల్యాప్‌టాప్ తీసుకుంటుంది. రెండోవాడు నంబరైతే ఇస్తున్నాడు కానీ వాడి దగ్గర ఇంటర్నెట్ దారి లేదు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి బస్టాండులో దారి అడిగితే, దారి తెలియనివాడు ముందుగా చెయ్యి చూపించినట్టు.

ఆ రెండోవాడు ఎవరో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. "డాబా గదిలో క్రికెట్ చూడటానికి మా వారు అటక మీది పాత రౌటర్ దులిపి, అక్కడున్న కేబుల్‌కు కలిపారు." పాత రౌటర్‌కు తాను పాతదాన్నని తెలియదు. నంబర్లు పంచడం దాని పని, పంచుతోంది.

దీన్ని సరిచేయడం తేలిక. పాత రౌటర్‌ను తీసేసి టీవీకి ఆ కేబుల్‌నే నేరుగా పెట్టవచ్చు. టీవీకి కేబుల్ పెట్టే చోటు లేకపోతే పైనున్న యాక్సెస్ పాయింట్ వైఫైకి కలపవచ్చు. పాత రౌటర్ అక్కడే ఉండాలంటే దాని సెట్టింగుల్లోకి వెళ్ళి నంబర్లు పంచే పని, అంటే డీహెచ్‌సీపీ, ఆపేయాలి. కేబుల్ దాని మీద 'లాన్' (LAN) అని రాసి ఉన్న పోర్టులోనే ఉండాలి. నన్నడిగితే తీసేయడమే మేలు. రేపెప్పుడైనా ఎవరో దాన్ని రీసెట్ చేస్తే ఆపేసిన పని మళ్ళీ మొదలవుతుంది, మీరు మళ్ళీ ఇదే వెతుకులాటలో పడతారు.

మెట్ల మీద మాట ఆగిపోయే సంగతి మూడోది. ఏ యాక్సెస్ పాయింట్‌ను పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో నిర్ణయించేది ఫోనే, యాక్సెస్ పాయింట్ కాదు. పై అంతస్తుది బాగా వినబడుతున్నంత సేపూ ఫోన్ దాన్నే పట్టుకుని ఉంటుంది, కిందది రెండడుగుల దూరంలో ఉన్నా సరే. గుడి మైకు ఊరి చివరిదాకా వినబడుతుంది. ఊరి చివర నుంచి మనం పలికితే గుళ్ళో పూజారికి వినబడదు. యాక్సెస్ పాయింట్ గొంతు మైకు లాంటిది, ఫోన్‌ది మన గొంతు. మీ మరిది మూడింటినీ పూర్తి పవర్‌లో పెట్టి ఉంటాడు. ఎక్కువ పెడితే ఎక్కువ దూరం అందుతుందని అందరూ అలాగే పెడతారు. అంతస్తుకొకటి ఉన్న ఇంట్లో పవర్‌ను మధ్యస్థంగా పెడితేనే ఫోన్ త్వరగా ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని అందుకుంటుంది.

చానెళ్ళు, అంటే యాక్సెస్ పాయింట్లు మాట్లాడే రేడియో దారులు, కూడా 'ఆటో'లో ఉండే ఉంటాయి. వాటిని చేత్తో పెట్టడం మంచిది. వైఫై నడిచే రెండు బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీదొకటి పడని చానెళ్ళు 1, 6, 11. మూడు పెట్టెలకు మూడూ సరిపోతాయి. చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్‌లో 36, 44, 149, వెడల్పు 40. ఈ అంకెలే ఎందుకంటే, 52 నుంచి 144 దాకా ఉన్న చానెళ్ళను రాడార్లు కూడా వాడతాయి. ఆ చానెల్‌లో పెట్టిన యాక్సెస్ పాయింట్ మాట్లాడటం మొదలెట్టే ముందు కనీసం 60 సెకన్లు ఊరికే చెవి పెట్టి వినాలి, రాడార్ అలికిడి తగిలితే వెంటనే ఆ చానెల్ వదిలేసి అరగంట దాకా తిరిగి రాకూడదు. అది నియమం. మోటార్ వేశాక మీకు మూడు నిమిషాలు పట్టడంలో ఒక నిమిషం ఇదే అయి ఉండవచ్చు. రెండు నిమిషాలు పెట్టె లేవడానికి, ఒక నిమిషం వినడానికి.

'బలహీనమైన సిగ్నల్ ఉన్న ఫోన్లను తోసేయి' అనే సెట్టింగు కూడా ఒకటి ఉంటుంది. దాన్ని గట్టిగా పెడితే కాల్‌లో ఉన్న ఫోన్‌ను మధ్యలో బయటికి నెట్టేస్తుంది. దాన్ని ముట్టుకోవద్దు, ఇప్పటికే పెట్టి ఉంటే ఆపేయమనండి. అలాగే ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డును బ్యాటరీ ఆదా కోసం ఆపేసే టిక్కు ఉంటే తీసేయండి.

ఈ మూడూ సరిచేశాక కూడా ఒక్క యాక్సెస్ పాయింట్ మాత్రం ఆరి వెలుగుతుంటే దాని కేబుల్ చూడాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను అసలు రాగి కేబుల్ ధర కంటే చవగ్గా అమ్ముతారు. చివర ఒక పోగును బ్లేడుతో గీకితే తెలిసిపోతుంది, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. మామూలు రకం స్విచ్ ఒక పోర్టులో 15.4 వాట్లు పంపితే, 100 మీటర్ల కేబుల్ దాటాక అవతల 12.95 వాట్లు అందాలన్నది కేబుల్‌లో కరెంటు పంపే పద్ధతి లెక్క. అది రాగిని నమ్ముకుని వేసిన లెక్క. అల్యూమినియంలో దారిలోనే ఎక్కువ కరిగిపోతుంది. మామూలప్పుడు నడుస్తుంది, నలుగురు ఒకేసారి వీడియోలు పెట్టిన వేళ పెట్టె ఎక్కువ కరెంటు అడిగి, అందక ఆరిపోతుంది. అలాంటప్పుడు ఆ ఒక్క కేబుల్ మార్చాల్సిందే.

ఇక మీ మరిది.

అతను ఫోన్ ఎత్తకపోవడం మీకు కోపంలా కనబడుతోంది. నాకు మాత్రం సిగ్గులా కనబడుతోంది. పండగ పూట అన్నం వదిలి చేసిన పని వదినకు సుఖం ఇవ్వకపోగా ఉద్యోగానికే ముప్పు తెచ్చిందంటే ఆ కుర్రవాడికి ఎలా ఉంటుంది? ఏం చేయాలో బెంగళూరులో కూర్చుంటే తోచదు. తోచనప్పుడు నెట్ వాళ్ళదే తప్పు అనడం తేలిక.

నిజం చూస్తే అతను చేసి వెళ్ళిన పని నెలన్నర ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. చెడింది ప్లగ్గు మార్చాక, పాత రౌటర్ కలిపాక. ప్లగ్గు మార్చింది అత్తయ్యగారి కోసం. రౌటర్ కలిపింది మీ వారు. అలాగని మీ వారిని దోషిని చేయనక్కర్లేదు, ఆయనకు తెలిసి చేసింది కాదు. మరిది వంతు ఏదైనా ఉంటే అది పవర్, చానెళ్ళు. అది కూడా సరిదిద్దుకోదగ్గ చిన్న విషయం. ఇదంతా మీరు అతనికి చెప్పగలరు, ఎందుకంటే ఇది బుజ్జగింపు కాదు, జరిగినదే. ముందు వాట్సాప్‌లో మోటార్ వీడియో పంపండి. దాని కింద "నువ్వు వెళ్ళాక మేం ప్లగ్గు మార్చాం, అన్నయ్య పైన పాత రౌటర్ కలిపారు, చూడు ఏమవుతోందో. ఆదివారం ఒక గంట వీడియో కాల్‌లో ఉంటావా, చానెళ్ళు మార్చాలి" అని రాయండి. తన పెట్టెలు బాగానే ఉన్నాయని కళ్ళతో చూశాక అతనే ముందుకు వస్తాడని నా నమ్మకం. ఆ గంట మీరు ఫోన్‌ను మొబైల్ డేటా మీద ఉంచండి. సెట్టింగులు మార్చినప్పుడు వైఫై కాసేపు పోతుంది, కాల్ తెగి మళ్ళీ అపార్థం రాకూడదు.

మరిది రాకపోతే ఊళ్ళో తెలిసిన టెక్నీషియన్‌ను పిలవడం ఇంకో దారి. పని త్వరగా అవుతుంది. కానీ చెప్పకుండా పిలిచి అతను సెట్టింగులన్నీ తుడిచేసి కొత్తగా పెడితే, మరిది యాప్‌లోంచి ఇల్లే మాయమైపోతుంది. ఆ నొప్పి మాత్రం నిజంగా మీ చేతుల మీదుగా వచ్చినదవుతుంది. పిలిచేముందు ఒక్క మాట మరిదికి చెప్పండి, పాస్‌వర్డ్ అడగండి.

మీ వారితో కూడా ఒక మాట. తమ్ముడు నొచ్చుకోకూడదన్నది ఆయన ప్రేమ. కానీ ఆ ప్రేమ వల్ల రెండు నెలలు ఎవరూ గట్టిగా నోరు విప్పలేదు, ఆ రెండు నెలల బరువూ మీ ఒక్కరి మీదే పడింది. ఆదివారం వీడియో కాల్‌లో ఆయన్నీ కూర్చోమనండి. పాత రౌటర్ సంగతి ఆయన నోటితో ఆయనే చెబితే తమ్ముడికి సగం బరువు దిగుతుంది.

మీ ఉద్యోగం వీటన్నిటి కోసం ఆగదు కాబట్టి రేపే చేయదగ్గది ఒకటి చెబుతాను. కింద రౌటర్ నుంచి మీ బల్ల దాకా ఒక రాగి కేబుల్ లాగించి ల్యాప్‌టాప్‌కు నేరుగా పెట్టండి. ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టు లేకపోతే యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. కేబుల్ రెండో కొస రౌటర్‌లోనే పెట్టాలి, ఆ స్విచ్‌లో కాదు. స్విచ్‌లో పెడితే మోటార్ దాన్నీ ఆర్పేస్తుంది. రౌటర్‌కు యూపీఎస్ ఉంది, ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, మధ్యలో ఉన్నది తీగ మాత్రమే. మీ కాల్స్‌కు ఇంతకంటే గట్టి దారి లేదు. పాపకూ, అత్తయ్యగారి గదికీ మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ ఉండదు, కాబట్టి ఇదొక్కటి చేసి మిగతావి వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తారు. గోడ మీదుగా వేలాడే తీగ కూడా ఒక ఇబ్బందే. మెట్లకు అడ్డంగా మాత్రం వేయించకండి, అత్తయ్యగారిని నడిపించే దారి అది.

మేనేజర్‌కు మీరే ముందుగా మెయిల్ పెట్టండి. ఏ కారణం దొరికింది, ఏం మార్చారు, నేరుగా కేబుల్ ఎప్పుడు పెట్టారు, నెట్ మొత్తంగా పోతే మొబైల్ డేటాతో ఎలా కొనసాగిస్తారు అన్నవి నాలుగు వాక్యాల్లో. 'మా ఇంట్లో నెట్ బాగాలేదు సార్' అన్న మాటకూ దీనికీ చాలా తేడా ఉంటుంది.

హైదరాబాద్ వెళ్ళాలా అన్న ప్రశ్నకు ఇప్పుడే జవాబు వెతకవద్దని నా మాట. రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తెగిన ప్రతిసారీ టైమ్, అప్పుడు స్విచ్ లైట్లు వెలుగుతున్నాయా లేదా, ల్యాప్‌టాప్ నంబరు ఎలా మొదలైంది, రౌటర్ మీద ఎర్ర లైటు ఉందా అన్నవి రాయండి. పని వేళల్లో ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీలు రెండు తెరిచి, ఒకదాంట్లో ping -t 192.168.1.1 అని, రెండోదాంట్లో ping -t 8.8.8.8 అని కొట్టి వదిలేయండి. మొదటిది అడిగేది మీ రౌటర్‌ను, మీ రౌటర్ నంబరు వేరైతే అది వేయండి. రెండోది అడిగేది బయటి ప్రపంచాన్ని. రెండూ ఆగితే తప్పు ఇంట్లో ఉంది. మొదటిది నడుస్తూ రెండోది మాత్రమే ఆగితే ఈసారి నిజంగానే నెట్ కంపెనీని నిలదీయండి, ఆ తెర ఫోటోతో సహా. రెండు వారాల తర్వాత ఆ పేజీలు దాదాపు ఖాళీగా ఉంటే ఊరు వదలాల్సిన అవసరమే ఉండదు. అప్పటికీ నిండుతుంటే హైదరాబాద్ సంగతి మీరూ, మీ వారూ, మామయ్యగారూ కూర్చుని మాట్లాడుకోవచ్చు, చేయగలిగిందంతా చేశాం అన్న ధైర్యంతో.

అత్తయ్యగారి మాట మాత్రం రేపటి దాకా ఆపకండి. ఈ రాత్రే ఆవిడ పక్కన కూర్చుని చెప్పండి, కాల్ తెగిపోయేది మీ వల్ల కాదు అత్తయ్యా, మెట్ల కింద ప్లగ్గు వల్ల అని. చేతనైతే ఆదివారం మోటార్ వేసేటప్పుడు ఆవిడ కుర్చీని కూడా స్విచ్ కనబడేలా హాల్లోకి జరపండి. లైట్లు ఆరడం ఆవిడ కూడా చూడాలి.

ఒకవేళ మోటార్ వేసినా లైట్లు ఆరకపోతే నా అంచనా తప్పు. అప్పుడు ఆ మూడు అప్‌టైమ్ లెక్కలూ, నోట్‌బుక్ మొదటి రెండు పేజీలూ ఫోటో తీసి నాకు పంపండి. అక్కడి నుంచి మళ్ళీ చూద్దాం.